నిండుకున్న బాన

బియ్యం అయిపోయాయి అన్న మాట కేయాఖాలి లంకలో ఎవరి నోటా వినపడదు. కుండ అడుగు చేతికి తగులుతున్నా సరే, నిండుకున్నాయి అనే అంటారు. లేదు అంటే లక్ష్మి అలిగి వెళ్లిపోతుందని భయం. నిభా ఆ ఇంటికి కొత్తకోడలిగా వచ్చిన వారంలోనే ఆ తప్పు చేసింది. పొయ్యి మీద ఎసరు మరిగిపోతోంది, కుండలో చెయ్యి పెడితే గింజ లేదు. అక్కడ అత్తనైనా అమ్మనైనా మా అనే పిలుస్తారు. తొందరలో "మా, బియ్యం అయిపోయాయి!" అని గట్టిగా అరిచేసింది.

అంతే. అత్తగారు ఖాంతమణి చేతిలో ఉన్న చేపల బుట్ట పెరట్లోనే పడేసి వచ్చింది.

"ఏంటన్నావు? మళ్లీ అను. అవతలి లంక వాళ్లకి సరిగ్గా వినపడలేదేమో! మీ అమ్మ మాటలు నేర్పి పంపలేదా, మూతి ఒక్కటే పెట్టి పంపిందా?"

నది నీళ్లు తెప్పించి నోరు పుక్కిలించమంది. ఆ నీళ్లు ఉప్పు కషాయం. నిభా ముఖం వంకరలు పోతుంటే ఖాంతమణి నడుం మీద చెయ్యేసుకుని నిలబడి చూసింది.

"ఇప్పుడను. నిండుకున్నాయి."

"నిండుకున్నాయి, మా."

"ఆఁ, అదీ. ఇక పక్కింటి ఫుల్ మాశీ ఇంటికెళ్లి ఓ గిన్నెడు బదులు తే. అక్కడ కూడా నోరు జారావో, అటునుంచి అటే పో."

ఖాంతమణి మనిషి చూస్తే ఎండురొయ్య అంత ఉండేది, నోరు మాత్రం ఊరంత. నిభా అందుకు సరిగ్గా ఎదురు: పొడుగాటి పిల్ల, ఏ మాటకైనా నవ్వేస్తుంది, తిట్టినా నవ్వేస్తుంది, బాతులతో కబుర్లు చెబుతుంది. వీళ్లిద్దరికీ ఎలా కుదిరిందో ఎవరికీ అర్థం కాలేదు గానీ, కుదిరింది. కోడలు చిక్కు తీయకపోతే ఖాంతమణికి తల దువ్వుకున్నట్టే ఉండేది కాదు.

రెండో పాఠం కూడా ఆమే చెప్పింది, అలా తల దువ్వించుకుంటూనే. కోడల్ని అక్కడ బౌమా అంటారు.

"బౌమా, విను. చీకటి పడ్డాకైనా, మిట్టమధ్యాహ్నం ఊరు మాటుమణిగాకైనా, నిన్నెవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలక్కు. రెండోదానికీ పలక్కు. నిశి దయ్యం రెండుసార్లే పిలవగలదు. మూడోసారి పిలిచిందా, అప్పుడు మనిషి."

"నువ్వు పిలిచినా పలకొద్దా, మా?"

"నా గొంతుతోనే పిలుస్తుందే పిచ్చిమొహమా! ముక్కూమొహం తెలియని గొంతైతే నువ్వెందుకు వెళ్తావు?"

నిభా నవ్వింది. ఖాంతమణి నవ్వలేదు.

ఆ లంకలో నేల నదికంటే పల్లంగా ఉంటుంది. చుట్టూ కరకట్ట ఉంది కాబట్టి మనుషులున్నారు, లేకపోతే పీతలుండేవి. ఊరంతా ఎప్పుడో మూటల్లో వచ్చే పొట్టి వరికి మారిపోయింది. రెట్టింపు పండుతుంది మరి, ఎవరు కాదంటారు? ఖాంతమణి మాత్రం కట్టవార ఉప్పునీరు ఊరే పల్లపు పొలం చెక్కలో ఏటా తాల్ముగుర్ వేసేది. పాతకాలం వరి. మనిషెత్తు పెరుగుతుంది, గింజ ఎర్రగా మొద్దుగా ఉంటుంది, దిగుబడి చూస్తే ఏడుపొస్తుంది.

"మీ అత్త ఆ ఎర్రకూడు దయ్యాలకి వండిపెడుతోందా ఏంటే?" అని ఫుల్ మాశీ కట్ట మీంచి వేళాకోళం చేసేది.

"ఈ లంకలో ఉప్పు తాగి బతికేవి రెండే," అని ఖాంతమణి బురదలోంచి జవాబిచ్చేది. "ఈ వరొకటి, నేనొకదాన్ని. మిగతా మీరంతా మొదటి పోటుకే పోతారు."

కొడుకు హారాన్ చెడ్డవాడు కాదు, కాస్త మొండివాడు. ఒక ఏడు తల్లికి చెప్పకుండా ఆ చెక్క కూడా దున్నేసి పొట్టి వరి నాటేశాడు. ఖాంతమణి ఏడవలేదు, తిట్టలేదు. కొడుకుతో మాట్లాడటం మానేసింది, అంతే. ఆ తరవాతి వేసవిలో ఇంట్లో ఇంకో గొడవ లేచింది. పడవ అడుక్కి పూయాలని హారాన్ తెచ్చుకున్న తారు డబ్బాలో సగం లేదు.

"తారు కూడా తాగేవాళ్లున్నారా ఈ ఇంట్లో?" అని అరిచాడు. తల్లి గోళ్లు నల్లగా ఉండటం అప్పుడే చూశాడు. "నువ్వా! ఏం చేశావు? చెప్పవేం? నా పడవ మునిగిపోతే నీకు సంతోషమా?"

"తాగాను. నువ్వు పెట్టే కూడు చాలక," అంది ఖాంతమణి. ఆ తల్లీకొడుకుల మధ్య అదే ఆఖరి మాట.

వానలకి ముందు నిభా అత్తగారిని మంచి చేసుకుందామనుకుంది. ఖాంతమణి వంటింటి పక్క పాకలో ఢెంకి తొక్కుతోంది, అదే, కాలితో తొక్కే దంపుడు మాను. ధప్, ధప్ మని ఒకటే చప్పుడు.

"మా, ఎర్రవడ్ల విత్తనం ఉందా? ఆయన్ని నేను ఒప్పిస్తాలే. ఓ మూల వేసుకుందాం."

ఖాంతమణి కాలు ఆగింది. కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నిండుకుంది," అంది.

 అయ్యో, మొండితనానికి పోయి విత్తనం కూడా తినేసిందే ముసల్ది, అనుకుంది నిభా. ఆ మాటకి ఇంకేం అర్థముంటుంది? నోరు పుక్కిలించి మరీ నేర్చుకున్న మాటాయె. కోడలు ఇంకేదో అడుగుతుందేమోనని చూసినట్టు చూసి, ఖాంతమణి మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

తుఫాను జ్యేష్ఠమాసంలో, పట్టపగలే వచ్చింది. మధ్యాహ్నానికే కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. కూతురు టుకీని చంకనేసుకుని నిభా కట్ట మీదకి చేరింది. హారాన్ బడి దగ్గర జనంతో కలిసి మట్టి మూటలు మోస్తున్నాడు. వెనకే రావలసిన అత్తగారు సగం దారిలో "ఇప్పుడే వస్తా" అని ఇంట్లోకి తిరిగింది.

గాలిలో పిలుపు వినపడింది. "బౌమా!"

నిభా నోరు తెరిచి మూసుకుంది. ఆ చీకటి పగటి చీకటి కాదు. ఆ గొంతు మరీ అచ్చంగా అత్తగారి గొంతు.

"బౌమా!"

పెదవి కొరికి పట్టుకుని నిలబడింది. ఇంకొక్కసారి, మా, ఇంకొక్కసారి పిలు, పరుగెత్తుకొస్తా, అనుకుంది. కట్ట తెగింది. మూడో పిలుపు రాలేదు.

శవం దొరకలేదు. దర్భతో బొమ్మ చేసి తగలేశారు. అందరూ అయ్యో అన్నారు, నిభా కూడా అంది. ఆ రెండు పిలుపుల సంగతి మాత్రం మొగుడికి కూడా చెప్పలేదు. ఏమని చెబుతుంది? మీ అమ్మ పిలిస్తే దయ్యమనుకున్నానని చెప్పాలా?

తరవాత లంక లంకలా లేదు. కొత్త కట్ట లోపలికి జరిపి కట్టారు. పాత ఇల్లు, పల్లపు చెక్క, అన్నీ కట్ట బయట నది పాలయ్యాయి. లోపల మిగిలిన పొలాల మీద ఉప్పు తెల్లగా పేరుకుని, నడుస్తుంటే కాలి కింద అప్పడంలా విరిగేది. వాన పడితే మూటల విత్తనం చల్లేవారు. నారు వేలెడు లేచి, పసుపు తిరిగి, ఒరిగిపోయేది. మరుసటి ఏడూ అంతే. ఒక్కొక్క ఇల్లే రేకులు విప్పుకుని పడవెక్కింది. కోళ్లు, కుక్కలు కూడా పోయాయి. మధ్యాహ్నం వేళ ఊళ్లో ఒక్క చప్పుడు ఉండేది కాదు.

కాదు, ఒక్కటుండేది. ఆటు వచ్చి నది వెనక్కి జరిగాక, కట్ట అవతల్నుంచి ధప్, ధప్ మని వినపడేది.

"పాత ఢెంకి మాను నీళ్లకి లేచి పడుతోంది," అన్నాడు హారాన్.

"నీళ్లు లేనప్పుడేగా వినపడుతోంది?" అంది నిభా.

 ఆ రోజు నుంచి హారాన్ మధ్యాహ్నం ఇంట్లో ఉండటం మానేశాడు.

మూడో ఏడు నారు కూడా చచ్చాక అతను తేల్చేశాడు. కాళీపూజ అవగానే రేకులు విప్పేయడం, ముగ్గురూ మద్రాసు వైపు మేస్త్రీ పనికి పోవడం. "ఇక్కడేముంది? ఉప్పు నాకి బతుకుతామా?" అన్నాడు.  నిభాకి ఊరు కాని ఊరంటే భయం కాదు. ఒకసారి వదిలేసి కట్టెక్కింది చాలదా? మళ్లీ వదిలేసి పడవెక్కాలా? నేల ఒక్క పంట ఇస్తే చాలు, ఉండిపోవచ్చు. ఆ ఒక్క పంటకి విత్తనం ఎక్కడిది?

మన నరక చతుర్దశి నాడే అక్కడ భూత చతుర్దశి. పద్నాలుగు రకాల ఆకుకూరలు వండుకుని, పద్నాలుగు దీపాలు పెడతారు. పోయినవాళ్లు ఆ పూట ఇంటికి వస్తారని. ఆ పొద్దున నిభా బుట్ట పట్టుకుని ఊరంతా తిరిగితే నాలుగు రకాల ఆకు కూడా దొరకలేదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ, ఏనాడూ పోని కొత్తకట్ట చివరికి పోయి, అవతలికి తొంగిచూసింది.

నల్లటి బురద మధ్య, పాత ఇల్లున్న చోట, పచ్చగా వరి నిలబడి ఉంది. మనిషెత్తు. సగం ఎరుపు తిరిగిన వెన్నులు. రోజుకి రెండుసార్లు సముద్రపు పోటు మునగదీసే చోట!

"చూశావా, ఇక వెనక్కి రా," అంది వెనకనుంచి ఫుల్ మాశీ. పక్కన భూతవైద్యుడు భుజంగం ఉన్నాడు. "పీతలు పట్టేవాళ్లు మొన్నే చూశారు. పెత్ని వరి అది, ఆడదయ్యం పండించింది."

"నాటినవాళ్లు లేరు, నీరు పోసినవాళ్లు లేరు," అన్నాడు భుజంగం. "ఆ గింజ నోట్లో పెట్టుకుంటే దాని వెనకే పోతారు. రేపు అమావాస్య. ఇనుప కొడవలితో కోసి ఆటులో వదిలేస్తాం. నీ మొగుడు కూడా సరేనన్నాడు."

"దాని వెనక అంటే ఎవరి వెనక, కాకా?" అంది నిభా. "పేరు చెప్పడానికి నోరు రావట్లేదా? బతికుండగా ఆవిడ ముందు నీ మంత్రాలు సాగలేదుగా."

 ఫుల్ మాశీ నిభా మోచెయ్యి పట్టుకుంది. "ఎల్లుండి పోతున్నావు కదే తల్లీ. నీకెందుకు ఇదంతా?"

మధ్యాహ్నం ఆటుకి నిభా కట్ట దిగింది. ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ల దాకా బురద. ఎప్పుడూ లక్షల్లో పరుగెత్తే ఎర్రపీతలు ఒక్కటీ లేవు. కొంగ లేదు. గాలి చుక్క లేదు, అయినా ముందర వరి మాత్రం గలగలమంటోంది. ధప్, ధప్, ధప్. అడుగు పడేకొద్దీ దగ్గరైంది. వెనక్కి పోదామని కాళ్లు పీకాయి. పాత ఇంటి అరుగు మీద పాదం పెట్టగానే చప్పుడు ఆగిపోయింది.

ఢెంకి రెండు గుంజలూ అలాగే ఉన్నాయి. మాను ఒరిగి ఉంది. మూడేళ్లు ఉప్పునీళ్లలో నానిన కర్రకి పాచి పట్టాలా, నత్తలు పట్టాలా? పట్టాయి, మాను నిండా పట్టాయి. రోకటి తల ఒక్కటే నున్నగా ఉంది. దానికి తవుడు అంటుకుని ఉంది, పొడి తవుడు. నిభా వేలితో తాకి వాసన చూసింది. కొత్త బియ్యపు వాసన.

 చూపు రోకటి కిందకి పోయింది. గుంటలో పగిలిన బాన పెంకులు, ఆ పెంకుల్లోంచే వరి దుబ్బులు పుట్టుకొచ్చి అరుగంతా పాకాయి. పెంకుల పక్కనే ఇంకో బాన అంచు, నల్లగా. వంగేసరికి తారు కంపు కొట్టింది.

నిభా రెండు చేతులతో బురద తోడింది. గోళ్లు విరిగాయి. బాన ఒళ్లంతా తారు, మూతికి కట్టిన గోనెగుడ్డ మీద కూడా తారు. గుడ్డ చింపి చెయ్యి లోపల పెట్టింది. మణికట్టు దాకా దిగలేదు, గింజలు అడ్డొచ్చాయి. పొడిగా, మొద్దుగా, ఎర్రగా. అంచుదాకా.

నిండుకుంది.

"నిజమే చెప్పావా, మా?" అని పైకే అంది. "ఉన్నమాటే చెప్పావా నాకు?" కొడుకు దున్నేస్తాడని దాచి, కోడలికి మాత్రం నిజం చెప్పింది. అబద్ధానికి వాడే మాటతోనే నిజం చెప్పింది, ఎవరు విన్నా అనుమానం రాకుండా. కోడలికి అర్థమవుతుందనుకుంది. కాలేదని తెలిశాక, తుఫాను రోజు తిరిగి ఇంట్లోకి వెళ్లి పిలిచింది. నిభా ఆ బురదలో కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయింది.

నీళ్లు పాదం తాకాక గానీ పోటు మొదలైందని చూసుకోలేదు. బాన నడుమున ఎత్తుకుంది. ఆ బరువుకి ప్రతి అడుగూ తొడల దాకా దిగింది. నీరు వెనకే తరుముకొచ్చింది. కట్ట అంచు చేతికి అందే దూరంలో ఉండగా, వీపు వెనక, వరిలోంచి వినపడింది.

"బౌమా!"

అదే గొంతు. ఆనాటి రెండు పిలుపుల్లో ఉన్న తొందరే. మధ్యలో మూడేళ్లు గడవనట్టు, ఒక ఊపిరి తీసుకుని మళ్లీ పిలిచినట్టు.

నిభా అలా నిలబడిపోయింది. లెక్క తప్పలేదు, తప్పే అవకాశమే లేదు. ఇది మూడోది. నిశికి మూడోసారి పిలవడం చేతకాదు. మూడోసారి పిలిచింది మనిషైతే, ముందు రెండుసార్లు పిలిచింది కూడా మనిషే. నీళ్లలో నిలబడి, కోడలు వస్తుందని ఎదురుచూసిన మనిషి. ఇన్నేళ్లూ దయ్యమే అయ్యుంటుందిలే అని కళ్లు మూసుకుని నమ్మినదంతా ఒక్క పిలుపుతో పోయింది.

"ఆఁ, మా!" అని అరిచింది, గొంతు చిరిగిపోయేట్టు. "ఉన్నా, మా! వింటున్నా!"

తిరిగి చూస్తే వెన్నులు మాత్రమే నీటి పైన ఉన్నాయి. అవీ మునిగాయి.

ఇంటికి చేరేసరికి హారాన్ రేకుల మేకులు పీకుతున్నాడు. భార్య ఒంటి బురద చూసి అరవబోయాడు. బాన కింద పెట్టగానే వాసన తగిలింది. వంగి, వేలితో బాన గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది నా తారు," అన్నాడు.

 హారాన్ మేకులు కిందపడేసి, బాన చుట్టూ చేతులేసుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ముఖమంతా తారు అంటుకుంది. తల్లికి దర్భబొమ్మ తగలేసిన నాడు ఏడవనివాడు.

మర్నాడు భుజంగం కొడవలి పట్టుకుని వచ్చేసరికి నిభా కట్ట మీదే పొయ్యి పెట్టి ఉంది. అందరూ చూస్తుండగా బానలోని ఎర్రవడ్లు గుప్పెడు దంచి, ఉడికించి, ఉప్పు కూడా వేసుకోకుండా తింది.

"నేను పోతే ఆ వరి కోసేయ్ కాకా. పోకపోతే నీ కొడవలి నాకివ్వు, పండాక నేను కోసుకుంటా."

పోలేదు. పండేదాకా కాపలా ఉండి కోసుకుంది. వానల్లో బానలోని గింజలు చల్లితే అన్నీ మొలవలేదు. నది మీద కోసినవి బాగా మొలిచాయి. ఉప్పునేలలోనే ఆకు పచ్చగా లేచింది, నిలబడింది, మనిషెత్తు పెరిగింది. ఎప్పటిలాగే దిగుబడి చూస్తే ఏడుపొస్తుంది. అయినా ఆ చలికాలం కేయాఖాలిలో పొయ్యిలు వెలిగాయి. ఫుల్ మాశీ దయ్యాల మాట ఎత్తకుండా బుట్ట పట్టుకుని విత్తనం కోసం మొదటి మనిషిగా వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, పడవెక్కిన వాళ్లలో కొందరు రేకులు మోసుకుని దిగారు. ప్రతి ఇంటా తారు పూసిన బాన ఒకటి పాతుకున్నారు.

"దిదీ, విత్తనం ఉందా?" అని ఎవరైనా అడిగితే నిభా "నిండుకుంది" అంటుంది. అడిగినవాళ్లు వెళ్లిపోరు, బుట్ట చాపుతారు. ఆ లంకలో ఆ మాటకి అర్థం మారిపోయింది.

ఢెంకి చప్పుడు మళ్లీ ఎవరూ వినలేదు. నిభా ఇప్పుడు అంతగా నవ్వదు. టుకీ పెద్దదైంది, తల్లి తల చిక్కు తీసేది తనే. మిట్టమధ్యాహ్నం అరుగు మీద ఆ పని జరుగుతుండగా, తల్లి ఉన్నట్టుండి కట్ట వైపు తిరిగి "ఆఁ, మా" అంటుంది.

"ఎవరూ పిలవలేదు కదా, మా?" అంటుంది టుకీ.

"తెలుసే," అంటుంది నిభా. కాసేపాగి రెండోదానికీ పలుకుతుంది.